చిటికెడు

బెర్గెన్‌లో వాన పడని రోజున
జనం ఆకాశాన్ని అనుమానంగా చూస్తారు.
ఈ వృద్ధాశ్రమం హాల్లో మాత్రం ఏడాది పొడుగునా
నాలుగు వందల లీటర్ల వెచ్చని సముద్రం.
బల్బులు మార్చడం నా పని, మంచు ఎత్తిపోయడం నా పని.
పగడాలు నా జీతంలో లేవు.
అయినా శనివారం శనివారం
వాటి నీళ్ళు సీసాలో పోసి, పొడి వేసి, ఊపి
గడియారం చూస్తూ నిలబడేది నేనే.

లేత గులాబీ రావాలి.
బీట్‌రూట్ రసం వచ్చింది. నైట్రేట్ యాభై.
రెండో సీసాలో ఫాస్ఫేట్,
పాత నావికుడి కోటంత నీలం.
రాళ్ళమీద నాచు జుట్టు విరబోసుకుంది.
పచ్చగా వెలగాల్సిన కొమ్మలు
మరిగి మరిగి చిక్కబడ్డ టీ రంగుకి తిరిగాయి.

చేయాల్సిందంతా చేశాను.
శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పు తూచి కలిపి
వారానికి అరవై లీటర్లు మార్చాను.
కింది తొట్టిలో దీపం పెట్టి
చిక్కుపడ్డ ఊలులాంటి ఇంకో నాచుని పెంచాను.
పైన ఉన్న నాచు దొంగ, కింద ఉన్న నాచు కూలిమనిషి,
ఇద్దరి తిండీ ఒకటే.
నురుగు కప్పు రోజూ కడిగాను,
ఆ కంపు నాకన్నా ముందే ఇల్లు చేరేది.
చివరికి వోడ్కా కూడా పోశాను, చుక్కల లెక్కన,
నీళ్ళలోని సూక్ష్మజీవులకి.
అది చూసి ఆస్‌బ్యోర్న్, ఒకప్పుడు కాడ్ పడవ నడిపినాయన,
కంటికి కనబడనివాటి పాటి చెయ్యనా అని
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం. మళ్ళీ బీట్‌రూట్.

నేను తోడుతుంటే ఎవరో నింపుతున్నారు.

రాత్రి రెండింటికి దొరికింది.
బోర్గ్‌హిల్డ్. ముప్ఫయ్యేళ్ళు బడి వంటగదిలో
గరిటె తిప్పిన చెయ్యి.
నైట్‌గౌను జేబులో బ్రెడ్డు తునకలు, చీజ్,
రాత్రి భోజనంలో మిగిల్చిన చేప ముద్ద.
"పాపం, వీళ్ళకి ఇవాళ ఎవరూ పెట్టలేదు" అంది.
అంతకు కాసేపటి ముందే పెట్టిన సంగతి
నీళ్ళమీద ఇంకా తేలుతూనే ఉంది.

మూతకి తాళం వేశాను.

ఐదు వారాలకి సీసాలు తేటపడ్డాయి.
గులాబీ లేదు, నీలం లేదు. సున్నా, సున్నా.
గెలిచానని ఫోటో తీశాను.
ఫోటోలోనే కనబడింది,
పగడాలు సుద్దముక్కల్లా పాలిపోవడం,
ఇసుకమీద బుడగలు కక్కే గోధుమరంగు జిగురు.
ఎంగిలన్నది బొత్తిగా లేని నీళ్ళలో
ఏదీ ఎదగదట.
ఎవరైనా చెప్పినా వినేవాణ్ణి కాదు,
తాళంచెవి నా జేబులో ఉంది కదా.

ఆ వారాల్లో బోర్గ్‌హిల్డ్
తన పళ్ళెం సగంలోనే తోసేసేదని
నర్సు తూరున్ తరవాత చెప్పింది.

ఇప్పుడు మందుల ట్రాలీలో
రోజూ పొద్దున ఒక చిన్న కప్పు ఎక్కువ వస్తుంది.
పైన చీటీ: పసుపు చేప, ఒక పూట.
లోపల కడిగి వడకట్టిన రొయ్యల తురుము, చిటికెడు.
తన మాత్రలు మింగి, ఆవిడ కప్పు అందుకుని
కూరలో ఉప్పు వేసినట్టు
రెండు వేళ్ళతో రాలుస్తుంది.
తింటున్నంతసేపూ కదలదు.

మధ్యాహ్నం అడుగుతుంది, పెట్టారా అని.
పెట్టారంటాను. ఎవరంటుంది. మీరేనంటాను.
నా మాట నమ్మదు.
తన వేళ్ళు వాసన చూసుకుని నమ్ముతుంది.

నిన్న సీసాలో ఐదు.
చలిలోంచి లోపలికొచ్చిన పిల్లల చెవుల రంగు.
ఫాస్ఫేట్ సున్నా కాదు, సున్నాకి కాస్త ఇవతల.
ఆ కాస్తలోనే, దీపాలు ఆర్పాక,
ఒక పగడం నోరు తెరిచింది.

వోడ్కా సంగతి ఆస్‌బ్యోర్న్ ఇంకా ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.
ఈ ఇంట్లో ఒక మనిషికి
ఏదో ఒకటి గుర్తుండిపోయినందుకు
నేనేమీ అనను.